మా చీటీ పాటలు

చీటీ పాట అనగానే మీలో చాలామందికి నెలకొకసారి ఎవరింటి వసారాలోనో జంపఖానా పరచి, పదిమంది చేరి, తగ్గింపు మీద తగ్గింపు పాడుకొనే వ్యవహారం గుర్తుకు వస్తుంది. మా యింట్లో ఆ చీటీలూ వుండేవి. మా అత్తగారు రెండు వేసి, రెండూ ఆఖరు నెల దాకా పాడకుండా నిలబెట్టిన ధైర్యశాలి. కాని నేను చెప్పబోయే చీటీ పాటలు వేరు. అవి నిజంగా చీటీల మీద వ్రాసిన పాటలు. వాటిలో లాభనష్టాలు లేవు, కరెంటు బిల్లు తప్ప.

నేను కాపురానికి వచ్చింది 1972లో. తెనాలికి ఆరు మైళ్ల దూరంలో, కాలవ గట్టు పక్కన వూరు. పెంకుటిల్లు. మధ్య హాల్లో గోడకు బిగించిన చెక్క అర మీద పాత మర్ఫీ రేడియో. దాని మీద మా ఆడబిడ్డ అల్లిన లేసు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టరు బుద్ధుడు. మీట తిప్పితే వాల్వులు వేడెక్కి గొంతు విప్పటానికి నిముషం పట్టేది. ఆ నిముషంలో మా మామగారు ఒక పట్టు పొడుం పీల్చి, వార్తలకు సిద్ధంగా చెవి అప్పగించేవారు.

ఒక్క రేడియోకు యింటిల్లిపాదీ వాటాదార్లు. తెల్లవారగానే భక్తిరంజని మా అత్తగారిది. వార్తలు మామగారివి. మధ్యాహ్నం నాటికి మా మరిది రేడియో సిలోను వైపు ముల్లు తిప్పి, యెవరైనా వస్తే మళ్లీ విజయవాడకు తిప్పేవాడు. సాయంకాలం రైతుల కార్యక్రమానికి పాలేరు గుమ్మం పక్కన వచ్చి కూర్చునేవాడు. రాత్రి పది దాటితే ఆ పెట్టెతో యెవరికీ పని వుండేది కాదు. అప్పుడు అది దొడ్డమ్మది.

దొడ్డమ్మ మా మామగారి అక్కగారు. మా వారికి మేనత్త, వరసకు నాకు దొడ్డమ్మ. పదిహేడో యేట పుట్టింటికి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆ యింటి గడప దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కించవచ్చును. చిన్ననాడు నేర్చిన వీణ మాత్రం వదలలేదు. వూళ్లో ఆడపిల్లలకు నెలకు అయిదు రూపాయలకు పాఠం చెప్పేది. సరళీ వరసల్లో ఒక్క స్వరం పక్కకు పోతే వేళ్ల మీద ఈనెపుల్లతో కొట్టేది. తెనాలిలో, బెజవాడలో శ్రీరామనవమి పందిళ్లలో మహామహుల కచేరీలు జరుగుతూ వుంటే ఆవిడకు వాటి సంగతి కరపత్రాల ద్వారానే తెలిసేది. ఆ కచేరీలకు పోవటం ఆ రోజుల్లో ఆవిడకు కుదిరే పని కాదు. కుదరదని యెవరూ నోటితో అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

రాత్రి పదకొండు గంటలకు హాల్లో పడుకొనే ఆవిడ లేచి, రేడియో ముందు పీట వేసుకొని కూర్చునేది. దీపం వెయ్యదు. స్టేషన్ల పేర్లు వ్రాసి వున్న గాజుపలక వెనుక చిన్న పసుపు బల్బు వెలుగే చాలు. శబ్దం గుడ్డ తెర దాటి బయటకు రానంత సన్నగా పెట్టి, చెవి ఆ గుడ్డకు ఆనించేది. నేను మొదటిసారి చూచినప్పుడు ఆవిడ ఆ పెట్టెకు రహస్యం చెబుతున్నదేమో అనుకొన్నాను.

మా యిద్దరికీ మాట్లాడుకొనే వీలు తక్కువ. పగలంతా ఆవిడ మడి, నా పని. రాత్రి మాట్లాడితే యింట్లో వాళ్లు లేస్తారు. అందుచేత ఆవిడ ఒక మార్గం కనిపెట్టింది. ఒకనాటి ఉదయం పోపులపెట్టె తీస్తే మెంతుల గిన్నె కింద నాలుగు మడతల కాగితం. క్యాలెండరు రేకు వెనుక పెన్సిలుతో ముత్యాల్లాంటి అక్షరాలు:

"రాత్రి 11. 31 మీటర్లు. పారిస్ అన్న అక్షరాలకు కుడి పక్క వేలెడు దూరం. రైలు. కంగారు పడక వినవలెను."

మా వారు ఆ చీటీ చూచి, "రైల్లో యెవరొస్తున్నారు?" అన్నారు.

ఆ రాత్రి మేమిద్దరం చెరొక చెవీ ఆ గుడ్డకు ఆనించాము. ముందు విదేశీ భాషలో యెవరో ఆడమనిషి ఏదో చెప్పింది. తర్వాత రైలు కూత వినిపించింది. తర్వాత చక్రాలు. అది రైలు గురించిన పాట కాదు, రైలే. కాని స్టేషనులో మనం వినే రైలు వలె వచ్చి పోదు. చక్రాల మోతలో ఒక ముక్క పట్టుకొని అదే మళ్లీ, అదే మళ్లీ, ఇంతలో యింకో ముక్క, మధ్య కూత. దొడ్డమ్మ తొడ మీద తాళం వేసి చూచింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి చెయ్యి ఆపి, నా చెవిలో, "ఖండచాపూ కాదు, మిశ్రచాపూ కాదు. దీనిది రైలుచాపు!" అన్నది. యాభై యేడేళ్ల మనిషి నోరు మూసుకొని నవ్వటం అప్పుడు చూచాను.

అదేమిటో మాకు తెలియదు. పేరు అర్థం కాలేదు. దాదాపు నలభై యేళ్ల తర్వాత మా అమ్మాయి తన ఫోనులో ఒకటి పెట్టి వినమంటే, నాలుగు క్షణాలలో నా చెవి గుర్తుపట్టింది. అది పియేర్ షాఫెర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజనీరు 1948లో చేసినది. పారిసులో బాటిన్యోల్ అనే చోట రైళ్ల శబ్దాలను రికార్డు చేసి, ఆ రికార్డుల ముక్కలనే పేర్చి రచన చేశాడు. 1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో దాన్నీ, మరికొన్ని అటువంటివాటినీ 'శబ్దాల కచేరీ' అనే పేరుతో ప్రసారం చేసింది. మన విజయవాడ కేంద్రం మొదలైంది అదే సంవత్సరం డిసెంబరు 1న. రెండు నెలలైనా తేడా లేదు. అక్కడ రేడియోలో రైలు పాడుతూ వుంటే ఇక్కడ మనవాళ్లు స్టూడియోకు రిబ్బను కడుతున్నారు.

ఈ వింత సంగీతమంతా రేడియో ద్వారా మా దాకా వచ్చిందని మేము అనుకొనేవాళ్లం. ఇప్పుడు చదివి తెలుసుకొన్నదేమంటే, అందులో చాలా భాగం పుట్టటమే రేడియో స్టేషన్లలో పుట్టింది. షాఫెర్ పారిసు రేడియో ఉద్యోగి. జర్మనీలో కొలోన్ రేడియో 1950లలో మొదట్లోనే ఎలక్ట్రానిక్ సంగీతానికి స్టూడియో పెట్టింది. మిలాన్‌లో ఇటలీ రేడియో, టోక్యోలో జపాను రేడియో 1955లో పెట్టాయి. వార్సాలో పోలండు రేడియో 1957లో. లండనులో బి.బి.సి. 1958లో 'రేడియోఫోనిక్ వర్క్‌షాప్' పెట్టింది. కారణం కళాపోషణ ఒక్కటే కాదు, సరంజామా! అప్పట్లో టేపు రికార్డర్లు, లైన్లు పరీక్షించటానికి 'కూ' అని ఒకే స్వరం పలికే యంత్రాలు ఒక సంగీత విద్వాంసుడు కొనగలిగిన వస్తువులు కావు. రేడియో వాళ్ల గిడ్డంగుల్లో అవి వుండేవి. పరీక్షకు పెట్టుకొన్న యంత్రం ముందు యెవరో సంగీతజ్ఞుడు కూర్చొని, ఇది కూడా శ్రుతే గదా అనుకొన్నాడు.

శ్రుతి అంటే దొడ్డమ్మ సిద్ధాంతం ఒకటి చెప్పాలి. షార్ట్ వేవ్ రేడియో విన్నవాళ్లకు తెలుసు. అందులో పాట కంటె గరగర యెక్కువ. విదేశపు స్టేషను నుంచి బయలుదేరిన అల నేరుగా మన వూరికి రాదు. భూమి గుండ్రం. అది పైకి పోయి, ఆకాశంలో అరవై మైళ్లకు పైన యెండ వల్ల విద్యుత్తు పట్టిన పొరకు తగిలి కిందికి వంగుతుంది. మళ్లీ నేలకు, సముద్రానికి తగిలి పైకి లేస్తుంది. అలా బంతి వలె గంతులు వేస్తూ వస్తుంది. పగలు కింది పొర ఒకటి అల బలాన్ని మింగేస్తుంది. పొద్దు గూకితే ఆ పొర తొలగిపోతుంది. అందుకే రాత్రిళ్లు దూరపు స్టేషన్లు. ఒకే అల రెండు దారుల్లో వచ్చి, ఒకదాన్నొకటి కాసేపు బలపరచి, కాసేపు కొట్టేసుకొంటాయి. దాంతో పాట ఉయ్యాల వూగినట్టు దగ్గరకు వచ్చి దూరం పోతుంది. మామూలు పాటైతే అది ఆకాశం చేసిన పని అని తెలిసిపోతుంది. దొడ్డమ్మ వినే పాటల్లో అది పాట కట్టినవాడు చేసినదో, ఆకాశం చేసినదో తేలేది కాదు. ఒకసారి పావుగంట సేపు హోరు మాత్రమే విని, చివరకు అది స్టేషను మూసేసిన తర్వాత మిగిలిన హోరని తెలిసి, ఆవిడ యేమాత్రం చలించకుండా, "బాగానే వుంది గదే అమ్మాయీ!" అన్నది.

ముల్లు తిప్పుతూ వుంటే రెండు స్టేషన్ల మధ్య ఒక ఈల పుట్టి, పై నుంచి కిందికి జారి, మళ్లీ పైకి లేస్తుంది. మా మరిదికి అది చెవిపోటు. దొడ్డమ్మకు అది జారు. "వీణ మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వేలెత్తకుండా లాగితే వచ్చేది ఇదే. వీడు మెట్లు లేకుండా లాగుతున్నాడు" అనేది. ఒకనాడు ఆ ఈలను ఒకచోట నిలబెట్టి, దానికి సరిగా వీణ సారణి శ్రుతి చేసింది కూడాను.

పల్లెటూరి వీణ పంతులమ్మ పిచ్చి అని మీరు నవ్వవచ్చును. నవ్వండి, మేమూ నవ్వుకొన్నాము. కాని అమెరికాలో జాన్ కేజ్ అనే ఆయన 1951లో పన్నెండు రేడియోలే వాద్యాలుగా ఒక రచన చేశాడు. ఒక్కొక్క పెట్టె ముందు యిద్దరు. ఒకరు ముల్లు తిప్పుతారు, ఇంకొకరు శబ్దం పెంచుతారు, తగ్గిస్తారు. న్యూయార్కులో అది ప్రదర్శించే సరికి బాగా పొద్దుపోయి చాలా స్టేషన్లు మూసేశారట. దొడ్డమ్మ అక్కడ వుంటే ఆ హోరును కూడా కూర్చొని వినేది. జర్మనీలో స్టాక్‌హౌసెన్ 1968లో షార్ట్ వేవ్ పెట్టెలు పట్టుకొని, వాటిలో వచ్చినదానికల్లా వాద్యగాళ్లు జవాబు పలికేటట్లు మరో రచన చేశాడు. ఆ సంవత్సరాల్లోనే కాలవ గట్టు మీద మా యింట్లో కూడా ఆ వాద్యం మోగుతూ వుండినదని ఆయనకు తెలియదు.

చీటీలు వారానికి రెండు మూడు వచ్చేవి. ఇంగువ వాసన, పసుపు మరకలు. ఒక్కొక్కదానికి రోజు, గంట, మీటర్లు, తర్వాత ఒకటి రెండు వాక్యాలు. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవటం వచ్చు గాని పేర్లు పట్టుబడేవి కావు. అందుచేత పాటకు పేరు బదులు పోలిక వుండేది. "పీపా దొర్లినట్టు." "కోతులకు సంగీతం వచ్చినట్టు." "మొదట విసుగు, తర్వాత మంచిది." ఆఖరి రకం చీటీలంటే నాకు భయంగా వుండేది. మొదటి విసుగు కొన్నిసార్లు అరగంట పట్టేది.

అమెరికా వాయిస్‌లో జాజ్ వినిపించే ఒక పెద్దమనిషి వుండేవాడు, విల్లిస్ కానోవర్. 1955 నుంచి 1996లో చనిపోయే దాకా ఆ పని చేశాడు. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా తెలియాలని ఒక్కొక్క మాట తూచి, నిదానంగా, నిండు గొంతుతో చెప్పేవాడు. "మన తహసీల్దారు ఇంగ్లీషు నాకు తెలియదు. ఈయన ఇంగ్లీషు తెలుస్తుంది" అనేది దొడ్డమ్మ. విచిత్రమేమంటే, ఆయన్ను దేశదేశాల్లో లక్షలమంది యెరిగినా సొంత దేశంలో యెరిగినవాళ్లు తక్కువ. ఆ రేడియో ప్రసారాలను అమెరికాలోని ప్రజలకు వినిపించకూడదని 1948 నాటి చట్టం ఒకటి వుండేది. పైదేశాల వాళ్ల కోసం పెట్టినది గనుక పైదేశాల వాళ్లే వినాలి. ఆ జాజ్ గురించి దొడ్డమ్మ వ్రాసిన చీటీ నా దగ్గర యిప్పటికీ వుంది: "ఒకడు ముందు ఒక మాట అంటాడు. తక్కినవాళ్లు తలా ఒక జవాబు చెబుతారు. పోట్లాట వలె వుంటుంది, కాదు. చివరకు అందరూ మొదటి మాటకు వస్తారు." ఆ తర్వాత జాజ్ గురించి లావుపాటి పుస్తకమే చదివాను. దానిలో వున్నదీ ఇంతే.

విదేశాల మోజు అనుకొనేరు. మనవాళ్ల విషయంలో ఆవిడ చెవి ఇంకా పదును. శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం వదిలేది కాదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందానికి రచనలు చేసేవారు. వీణకు కీర్తన వాయించటమే ధర్మమని నమ్మిన ఆ రోజుల్లో, 1953లో యెవరెస్టు యెక్కిన ఘట్టాన్ని పట్టుకొని ఆయన 'ఆదర్శ శిఖరారోహణం' అని రచన చేశారు. మాట లేదు, సాహిత్యం లేదు. కొండ యెక్కటమే. అది విన్న మర్నాడు పోపులపెట్టెలో చీటీ: "కాళ్లు నొప్పి పుట్టినవి."

బాలమురళీకృష్ణగారు నాలుగు స్వరాలతో రాగాలు కల్పించారు. మహతికి స, గ, ప, ని. లవంగికి స, రి, మ, ధ. చివరకు మూడు స్వరాలతో సర్వశ్రీ. అయిదు స్వరాలైనా లేనిదే రాగమేమిటని విద్వత్సభల్లో పెద్ద గొడవే జరిగింది. సరళీ వరసల్లో స్వరం తప్పితే ఈనెపుల్లతో కొట్టే దొడ్డమ్మ ఆ పండితుల పక్షమే చేరుతుందని నేను అనుకొన్నాను. ఆవిడ చీటీలో ఇలా వున్నది: "నాలుగే మెట్లు. అయినా మేడ యెక్కించాడు." నా అభిప్రాయంలో ఆ వాదంలో అందరికంటె తక్కువ మాటల్లో తీర్పు చెప్పినది ఈవిడే.

ఇంకొక చీటీ మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 1975 ప్రాంతం. బి.బి.సి.లో యేదో పరిచయ కార్యక్రమం వస్తూ మధ్య ఒక చిన్న పాట వినిపించింది. కింద దడదడమని గుండె కొట్టుకొన్నట్టు ఒక వరస, పైన దయ్యం ఈల వేసినట్టు ఇంకొక వరస. వాద్యమేదో నాకు పోల్చ వీలు లేదు. మర్నాటి చీటీ: "పైది యేమిటో తెలియదు. కిందిది తీగ. మీటిన తీగ. ఒక్కటే తీగ, ఎన్నో స్వరాలు. ఎట్లా?"

ఎట్లాగో తెలియటానికి యేళ్లు పట్టింది. అది 'డాక్టర్ హూ' అనే టెలివిజన్ కథకు 1963లో చేసిన పాట. వరస కట్టినది రాన్ గ్రెయినర్. దానికి ప్రాణం పోసినది బి.బి.సి. వర్క్‌షాప్‌లో పనిచేసే డేలియా డెర్బీషైర్ అనే ఆవిడ. కేంబ్రిడ్జిలో లెక్కలూ, సంగీతమూ చదివింది. రికార్డింగు పనికి ఆడవాళ్లను తీసుకోమని ఒక గ్రామఫోను కంపెనీ తిప్పి పంపిన మనిషి. ఆ పాటలో కింది వరసకు ఆవిడ ఒకే ఒక తీగను మీటి టేపు మీద పట్టింది. ఆ టేపును వేగంగా నడిపితే స్వరం పైకి పోతుంది, మెల్లగా నడిపితే కిందికి దిగుతుంది. ఒక్కొక్క స్వరానికి కావలసిన పొడవున టేపు కత్తిరించి, ముక్కకు ముక్క అతికి వరస తయారు చేసింది. ఇప్పుడు పిల్లలు కంప్యూటరు ముందు కూర్చొని నిముషంలో చేసే పని, అప్పుడు బ్లేడు, గజంబద్ద, అతుకు టేపు పెట్టుకొని చెయ్యాలి. టెలివిజన్ తెర మీద ఆ పాట కింద ఆవిడ పేరు వేసింది 2013లో, ఆవిడ పోయి పన్నెండేళ్లయిన తర్వాత.

తెనాలి దగ్గర పల్లెలో, గరగరల మధ్య, చెవికి గుడ్డ ఆనించి, ఆ ఒక్క తీగ సంగతి దొడ్డమ్మ ఒక్క వినికిడితో పట్టుకొన్నది. ఆ సంగతి ఆవిడకు చెప్పటానికి నాకు అవకాశం లేకపోయింది.

1983లో కాబోలు, ఒక రాత్రి ఆవిడ నన్ను అడిగింది: "ఈ మధ్య రేడియోలో వేణువు వాయించటం మానేశారా యేమిటే?"

మానలేదు. ఆ క్షణంలో కూడా వేణువే వస్తున్నది. కింది స్వరాల వరకే ఆవిడకు వినిపిస్తున్నాయి. గుంటూరు తీసుకొనిపోయాము. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమాల వంటి కణాలుంటాయనీ, వయసుతో అవి నశిస్తాయనీ, ముందు పై స్వరాలు పోతాయనీ, పోయినవి మళ్లీ మొలవవనీ డాక్టరు చెప్పాడు. చెవిలో పెట్టుకొనే యంత్రం కొన్నాము. వారం రోజులు పెట్టుకొని తీసేసింది. "దీని గరగరకు శ్రుతి లేదు" అన్నది.

మొదట చిలకల అరుపు పోయింది. తర్వాత కుక్కరు ఈల. తర్వాత వీణలో పై స్థాయి. పాఠాలు మానేసింది. పిల్ల తప్పు వాయిస్తే తనకు తెలియకపోతే ఇంక అయిదు రూపాయలు యెందుకు తీసుకోవాలన్నది ఆవిడ లెక్క. రాత్రిళ్లు మాత్రం పీట వేసుకొని కూర్చోవటం మానలేదు. చెవి బదులు అరచెయ్యి పెట్టెకు ఆనించేది. మా మామగారు అది చూడలేక వసారాలోకి లేచిపోయేవారు.

అప్పటి నుంచి చీటీలు నేను వ్రాయటం మొదలుపెట్టాను. రాత్రి విన్నది ఉదయం వ్రాసి అదే పోపులపెట్టెలో పెట్టేదాన్ని. మొదటి చీటీ చూచి ఆవిడ వెనుక వైపున వ్రాసి తిప్పి పంపింది: "బాగున్నది అని వ్రాయవద్దు. ఏమి జరిగినదో వ్రాయి."

ప్రయత్నించి చూడండి. యిది యెంత కష్టమో మీకే తెలుస్తుంది. పాట బాగుందని చెప్పటానికి నోరు చాలు. పాటలో యేమి జరిగిందో చెప్పటానికి చెవి కావాలి. నేను వంటింటి నుంచి మాటలు తెచ్చుకొన్నాను. "మొదట గచ్చు మీద రాగి చెంబు దొర్లింది. ఆగింది. ఆ ఆగినచోటే సన్నగా సీత్కారం, పెనం మీద నీళ్లు చల్లినట్టు. తర్వాత దూరంగా రోలు." ఆవిడ చదివి, కళ్లు మూసుకొని, వేలితో పీట మీద కొట్టుకొనేది. కొన్నిసార్లు ప్రశ్న వచ్చేది: "రోలు అన్నావు. పొత్రం తిరుగుతున్నదా, రోకలి పడుతున్నదా?" దానికోసం వారం ఆగి, మళ్లీ అదే గంటకు ఆ స్టేషను పట్టి, అది మళ్లీ వస్తుందేమోనని కూర్చొన్న రాత్రిళ్లున్నాయి. ఒక్కసారి మాత్రం వచ్చింది. రోకలి.

నా చెవికి నిజంగా పాఠం జరిగింది ఆ యెనిమిదేళ్లలో. ఇద్దరి కోసం వినాలి గదా. లావు మోతలున్న స్టేషన్లు వెదికి పెట్టేదాన్ని, పెట్టె చెక్క బాగా అదిరేటట్లు. ఆఫ్రికా డోళ్లు వస్తే ఆవిడ మొహం విప్పారేది. ఒకసారి ఒక పెద్ద తంత్రీవాద్యం వస్తూ వుంటే, స్వరం జారి దిగిందని నేను వ్రాశాను. ఆవిడ ఆ రాత్రి పెట్టె మీద చెయ్యి పెట్టి వున్నదే గాని చెవికి అందినది శూన్యం. మర్నాడు చీటీ తిరిగి వచ్చింది: "జారు కాదు. స్ఫురితం. రెండోది నొక్కి పలికింది. నా చేతికి తగిలినది."

1991లో శ్రావణమాసంలో పోయింది. ముందు రోజు సాయంత్రం వీణ తెమ్మని, దాని కుండను పొట్టకు ఆనించుకొని, మంద్రస్థాయిలో కాసేపు మీటింది. ఏమి వాయించిందో గుర్తుపెట్టుకొన్నాను గాని, ఇక్కడ వ్రాయటానికి మనసొప్పటం లేదు.

మర్ఫీ పెట్టె ఇప్పుడు మా మరిది యింట్లో షోకేసులో వుంది. వాల్వులు లేవు. షార్ట్ వేవులో మేము విన్న స్టేషన్లు చాలా భాగం మూతబడ్డాయి. మా అమ్మాయి హైదరాబాదు నుంచి, మనుమడు బెంగుళూరు నుంచి ఫోనులో పాటలు పంపుతూ వుంటారు. మనుమడు ఒకే రోజున నలభై పంపాడు. ఒక్కదాని పక్కనా ఒక్క మాట లేదు, బొటనవేలి బొమ్మ తప్ప. నేను వాడికి కబురు చేశాను, వారానికి ఒకటి పంపు, ఏమి జరుగుతుందో ఒక్క వాక్యం వ్రాయి అని. మూడు వారాలు నోరెత్తలేదు. నాలుగో వారం ఒకటి వచ్చింది: "అమ్మమ్మా, ఇందులో ఒకాయన ఫ్రిజ్ తలుపు మీద మృదంగం వాయిస్తున్నట్టుంటుంది, మూడో నిముషం దాకా ఓపిక పట్టు." పట్టాను. ఫరవాలేదు, వాడికి చెవి వుంది.

మా అమ్మాయి పంపినవాటిలో ఒకటి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే ఎలక్ట్రానిక్ సంగీతపు స్టూడియో పెట్టారట. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి, మూగ్ సింథసైజరు నిలబెట్టి, మనవాళ్లకు నేర్పాడు. పఖావజ్ నేర్చిన గీతా సారాభాయి అందులో రచనలు చేసింది. కేజ్‌కు 1946లో న్యూయార్కులో మన సంగీతం గురించి చెప్పినదీ, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకొన్నదీ ఈవిడే. మూడు నాలుగేళ్లలో ఆ స్టూడియో ఆగిపోయింది. టేపులు అరల్లో పడి వున్నాయి. పాల్ పుర్గస్ అనే ఇంగ్లండు సంగీతకారుడు వాటిని వెలికి తీసి, 2020లో బి.బి.సి. రేడియోలో వాటి కథ చెప్పాడు. 2023లో అవి రికార్డుగా వచ్చాయి. వాటిలో తంబురా వంటి మోత ఒకటి మెల్లగా వంగి పోతూ వుంటుంది. మేము ఆకాశమంతా వెదికి, పారిసు పక్కన వేలెడు దూరం, లండను పక్కన రెండు వేళ్ల దూరం అని కొలుచుకొంటూ వున్న సంవత్సరాల్లో, రైలెక్కితే చేరుకోగల వూళ్లో ఒక ఆడమనిషి ఇది చేస్తున్నది! మా పెట్టెలో అది యేనాడూ వినిపించలేదు. దొడ్డమ్మ అరచేతికి అది బాగా తగిలేది. లావు మోత.

నా దగ్గర మిగిలిన చీటీలు నూట పదకొండు. మా అమ్మాయీ నేనూ కూర్చొని, పోలికలు చదువుకొంటూ, దొరికినవి వింటూ, ఇప్పటికి పందొమ్మిదింటికి పేర్లు పట్టాము. తక్కినవి మిగిలాయి. కొన్నిటికి గంట వుంది, మీటర్లు లేవు. కొన్నిటిని ఇంగువ తినేసింది. మీలో యెవరైనా ఆ రోజుల్లో రాత్రిళ్లు షార్ట్ వేవ్ విన్నవాళ్లుంటే, ముఖ్యంగా ఈ ఒక్కటి ఆలోచించి చూడండి. మంగళవారం, రాత్రి పదకొండుంబావు, 25 మీటర్లు, 1978 వేసవి: "మొదట చాలా సేపు గాజు గ్లాసు అంచు మీద తడివేలు. ఒక ముసలాయన తెలియని భాషలో అంకెలు లెక్కపెట్టును. ఏడు దగ్గర ఆగిపోవును. మళ్లీ మొదలు. పదమూడు నిముషాలు. ఏడు తర్వాత యేమిటో రేపు విని చెప్పుము."

మర్నాడు ఆ స్టేషను దొరకలేదు.